ఆటల కంప్యూటరుకు సామాను ఎంచుట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము, పద్యపఠనము అయిన తరువాత కంప్యూటరు సామాను గురించి మాట్లాడమని కార్యవర్గమువారు మమ్ములను కోరినప్పుడు కొంత ఆశ్చర్యపడినాము. కారణము అడిగితే వారు చెప్పినది సబబుగానే తోచినది. బెంగుళూరులోని మన ఇండ్లలో పిల్లలు తల్లిదండ్రులను అడిగే మొదటి పెద్ద వస్తువు ఒకప్పుడు సైకిలు, ఆ తరువాత మోటారు సైకిలు. ఇప్పుడు పి.యు.సి. ముగించిన పిల్లవాడు అడిగేది ఆటల కంప్యూటరు. అది లక్ష రూపాయల మాట. చీటీ పాడి తెచ్చిన సొమ్ము కావచ్చును, పిల్లవాడే తొలి జీతములో దాచుకొన్నది కావచ్చును. ఆ డబ్బు పట్టుకొని తండ్రీ కొడుకులు టౌన్ హాలు దగ్గర సదర్ పత్రప్ప రోడ్డుకు, అంటే మనమందరము ఎస్.పి. రోడ్డు అనే చోటికి పోతారు. తండ్రికి సామాను తెలియదు, కొడుకుకు బేరము తెలియదు. ఒకరి మాట ఒకరు నమ్మకుండా దుకాణము మెట్లెక్కితే లాభపడేవాడు మూడవవాడు.

కనుక మేము ఈనాడు చెప్పదలచినది ఒక్కటే. ప్రాసెసరు పేరుతో బేరము మొదలుపెట్టవద్దు.

మా ఎరుకలోని ఒక కుటుంబము కిందటేడు ఇట్లాగే పోయినది. "ఐ7 మిషను" అని దుకాణదారు చెప్పగానే అన్నిటికన్న పెద్ద అంకె కదా అని తృప్తిపడి కొన్నారు. ఇంటికి వచ్చి చూస్తే అది ఏడవ తరమునాటి ప్రాసెసరు, ఎక్కడో ఆఫీసులో పని తీరిన పెట్టె. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్‌వారు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగించినారు. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసరులలో ఎనిమిదవ తరమునుంచే గుర్తింపు, ఒకటి రెండు మినహాయింపులు తప్ప. పిల్లవాడు కోరిన ఆట నడువలేదు సరికదా, కొన్న నాడే ఆ యంత్రము ముసలిదైనది.

ఇందులోని కిటుకు చాలా చిన్నది. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఒక తరములోని తరగతులు మాత్రమే. ఏ తరమో ఆ గీత తరువాతి అంకెలు చెప్పుతవి. ఐ7-7700కె అంటే ఏడవ తరము, 2017 జనవరిలో వచ్చినది, నాలుగు కోర్లు. ఐ3-12100 అంటే పన్నెండవ తరము, 2022 జనవరిలో వచ్చినది, అదీ నాలుగు కోర్లే. ఆటలలో ఈ ఐ3 ఆ ఐ7కు తీసిపోదు, పలుచోట్ల మించుతుంది కూడా. బియ్యములో పాతవి మేలు, ప్రాసెసరులలో కాదు. పట్టుచీర కొనేటప్పుడు జరీ తిరగేసి చూడనిదే ధర అడగని తల్లులు మన ఇండ్లలో ఉన్నారు. ఈ అంకెలను వారికి ఒకసారి చెప్పి వెంట తీసుకొనిపోతే బేరము ఇంకొక తీరుగా ఉంటుంది.

ఇక అసలు సంగతి. ఆట నడిచేటప్పుడు ప్రాసెసరు చేసే పని ఒకటి, గ్రాఫిక్స్ కార్డు చేసే పని ఇంకొకటి. పెద్దలలో సురభివారి నాటకాలు చూచినవారు ఉన్నారు గనుక వారికి ఆ పోలికే చెప్పుతాము. ఏ పాత్ర ఎప్పుడు ప్రవేశించవలె, బాణము ఎక్కడ తగలవలె, తలుపు తెరుచుకొన్నదా లేదా అని నిర్ణయించి పురమాయించేవాడు సూత్రధారుడు. ప్రాసెసరు అతడే. ఆ పురమాయింపు ప్రకారము తెరమీద కొండలను, అడవిని, నీడలను చిత్రించేవాడు చిత్రకారుడు. గ్రాఫిక్స్ కార్డు అతడు. సెకనుకు అరవై బొమ్మలు కావలెనంటే ఒక్కొక్క తెర పదహారు, పదిహేడు మిల్లీ సెకన్లలో ముగియవలె. చిత్రకారుడు మందగొడి అయితే సూత్రధారుడు ఎంత చురుకైనవాడైనా చేతులు కట్టుకొని కూర్చోవలసినదే. సూత్రధారుడు మందగొడి అయితే చిత్రకారుడు కుంచె పట్టుకొని ఎదురుచూడవలె.

ఇప్పుడు తెర పెద్దది చేసినామనుకోండి. 1920 అడ్డము, 1080 నిలువు చుక్కలున్న మానిటరులో ఇరవై లక్షల పైచిలుకు చుక్కలు. 4కె మానిటరులో సరిగ్గా దానికి నాలుగు రెట్లు, ఎనభైరెండు లక్షల పైన. చిత్రకారుని పని అంతగా పెరిగినది. సూత్రధారుని పని ఇంచుమించు ఉన్నంతే ఉన్నది. పాత్రలు అవే, బాణాలు అవే. కనుకనే మానిటరు ఏదో తేల్చుకోకుండా ప్రాసెసరు ఎంచడము కొలతలు తీయకుండా చొక్కా కత్తిరించడమే. మొదట మానిటరు, దానికి తగిన కార్డు, ఆ కార్డును ఎదురుచూడనీయని ప్రాసెసరు, ఈ వరుసలో పోవలె. ఉన్న డబ్బులో మూడవ వంతుకు తగ్గకుండా, వీలైతే నలభై పాళ్లు కార్డుకే పోవలెనని మా అభిప్రాయము. కార్డులో సొంత మెమొరీ కూడా చూచుకోవలె. 2025లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 5060 టి.ఐ., ఆర్.ఎక్స్. 9060 ఎక్స్.టి. రెండూ 8 జి.బి., 16 జి.బి. అని రెండేసి రకాలు. పేరు ఒకటే కనుక బిల్లులో ఏది రాసినారో చూడవలె. నాలుగైదేండ్లు వాడదలచినవారికి పదహారుదే మంచిది.

మామూలు 1080 మానిటరుకు, నడితరము కార్డుకు ఆరు కోర్ల ప్రాసెసరు చాలును. ఏ.ఎం.డి. వారి రైజెన్ 5 7600 గాని, డబ్బు ఇంకా తక్కువైతే ఇంటెల్‌వారి ఐ5-12400ఎఫ్ గాని మేము చెప్పుతాము. ఆ చివరి ఎఫ్ అక్షరమునకు అర్థము, అందులో సొంత గ్రాఫిక్స్ లేదని. కార్డు చెడి మరమ్మతుకు పోయిన పక్షములో మానిటరు నల్లగా ఉండిపోతుంది. ఆ పెట్టెమీదనే చదువుకొనే పిల్లలున్న ఇంట ఎఫ్ లేనిది కొనడము మేలు.

సెకనుకు 144, 240 తెరలు చూపే మానిటరుమీద పోటీ ఆటలు ఆడేవారి సంగతి వేరు. అక్కడ సూత్రధారునికే తీరిక ఉండదు. అటువంటివారికోసము ఏ.ఎం.డి. వారు ఎక్స్3డి అనే రకము చేసినారు. రైజెన్ 7 7800ఎక్స్3డి 2023 ఏప్రిల్‌లో, 9800ఎక్స్3డి 2024 నవంబరులో వచ్చినవి. రెంటిలోనూ ఎనిమిదే కోర్లు. ప్రత్యేకత కోర్లలో లేదు, కాషే అనే దగ్గరి మెమొరీలో ఉన్నది. 96 ఎం.బి. మూడవ అంచె కాషే పెట్టినారు. సూత్రధారుని కాగితాలు రేకుపెట్టెలో కాక చేతిలోనే ఉన్నట్లు. అందువల్ల ఆటలలో ఇవి తమకంటె ఎక్కువ కోర్లున్న ప్రాసెసరులను దాటిపోయినవి. అయితే చిన్న కార్డు పెట్టి దానిపక్కన ఇది కొనడము మాత్రము ఇంటి వాకిలికి గుడి తలుపులు బిగించడమే.

మదర్‌బోర్డు మాటకు వస్తే, ప్రాసెసరు కూర్చునే సాకెట్టును చూడవలె. ఏ.ఎం.4 సాకెట్టుతో రైజెన్ బోర్డులు 2017లో వచ్చినవి. అప్పుడు బోర్డు కొన్నవారు 2022లో వచ్చిన 5800ఎక్స్3డిని, బయాస్ నవీకరించుకొని, చాలావరకు అదే బోర్డులో పెట్టుకోగలిగినారు. అయిదేండ్ల తరువాత ఒక్క ముక్క మార్చి కొత్త యంత్రము చేసుకొన్నారన్నమాట. 2022 సెప్టెంబరులో ఏ.ఎం.5 వచ్చినది. దీనిని 2027 దాకా, ఆపైన కూడా నిలుపుతామని కంపెనీ ప్రకటించినది. ఇంటెల్‌వారు 2024 అక్టోబరులో సాకెట్టు మార్చినారు కనుక 12400 కొనేవారు ఆ బోర్డులో 14వ తరము దాటి పోలేరు. చౌక గనుక తప్పు లేదు, తెలిసి కొనవలె అంతే. ఇంకొక మాట. 13, 14 తరముల ఇంటెల్ డెస్కుటాపు ప్రాసెసరులు కొన్ని అధిక వోల్టేజి వల్ల చెడుతున్నవని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకొని, దిద్దుబాటు విడుదలచేసి, వారెంటీ రెండేండ్లు పెంచినది. వాటిని, విశేషించి వాడినవి, కొనేవారు బయాస్ నవీకరించినారో లేదో అడిగి తీరవలె.

ర్యామ్ గురించి చెప్పడము ఈ ఏడు కష్టముగానే ఉన్నది. కృత్రిమ మేధ కేంద్రాలకు మెమొరీ తరలిపోవడముతో 2025 చివరి నెలలలో ధరలు విపరీతముగా పెరిగినవి. క్రూషియల్ పేరుతో మనవంటివారికి అమ్మే వ్యాపారమునుంచి తప్పుకొంటామని మైక్రాన్‌వారు ఆ డిసెంబరులోనే ప్రకటించినారు. 32 జి.బి. ఉంటే సుఖము. చేతిలో లేకపోతే 16తో మొదలుపెట్టవచ్చును, కాని ఒకే పెద్ద ముక్కగా కాక జతగా కొనవలె. ఒంటెద్దు బండికీ, జోడెద్దుల బండికీ ఉన్న తేడా. బిగించిన తరువాత బయాస్‌లో ఎక్స్‌పో గాని ఎక్స్.ఎం.పి. గాని తెరవకపోతే కొన్న వేగము రాదు. ఈ పని మరచిన ఇండ్లు మేము చాలా చూచినాము.

అన్నిటికన్న ఎక్కువ అన్యాయము జరిగేది ఎస్.ఎం.పి.ఎస్. విషయములో. అది బొమ్మ చూపదు, వేగము పెంచదు, రంగు దీపాలు వెలిగించదు. కనుక బేరములో రెండు వేలు తగ్గించమంటే దుకాణదారు దానినే తగ్గిస్తాడు. పేరులేని ఎస్.ఎం.పి.ఎస్. పోతూ పోతూ కార్డును కూడా తీసుకొని పోవచ్చును. 80 ప్లస్ అనే ముద్ర కరెంటు వృథాను గురించి చెప్పుతుంది గాని గట్టిదనానికి హామీ కాదు. మంచి కంపెనీది, అయిదేండ్ల వారెంటీ ఉన్నది అడగండి. పాత ఇండ్లలో ఉన్నవారు ముందుగా గోడలోని ఎర్తింగు చూపించుకోండి. క్యాబినెట్ ముందు వైపు గాలి ఆడే జాలీ ఉంటే చాలును. ఆరు కోర్ల ప్రాసెసరుకు నీళ్లతో చల్లార్చే యంత్రము అనవసరపు ఖర్చు.

ఇంత డబ్బు ఆటకా అని ముందు వరుసలోని తాతగారు ఒకరు ఇందాకనే మమ్ములను అడిగినారు. ఆటకే. అదే కార్డుమీద బొమ్మల చిత్రాలు చేయవచ్చును, వీడియో కూర్చవచ్చును, ప్రోగ్రాములు రాసుకోవచ్చును, నిజమే. కాని పిల్లలు "చదువుకోసము" అని అడగడము, పెద్దలు నమ్మినట్లు తలూపడము, తరువాత ఆరు నెలలు ఆ మాట పట్టుకొని ఎత్తిపొడవడము మాకు నచ్చదు. ఆటకని అడగండి, ఎన్ని గంటలో ముందే మాట్లాడుకోండి, ఆపైన నిశ్చింతగా కొనండి. సికిందరాబాదులోని పెదనాన్నగారి పిల్లలతో చెవికి మైకు తగిలించుకొని రాత్రిపూట కేకలు వేస్తూ ఆడే మన పిల్లలు ఆ గంటసేపు మాట్లాడేది తెలుగే అని తాతగారికి మనవి.

దుకాణానికి పోయే ముందు ప్రతి ముక్క పూర్తి పేరు కాగితముమీద రాసుకోండి. అక్కడ ఒక్క అక్షరము మారినా ఎందుకని అడగండి. మూడు చోట్ల ధర అడిగిన తరువాతనే కొనండి. సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోనో, చెన్నపట్నము రిచీ స్ట్రీటులోనో బంధువులుంటే అక్కడి ధరలూ ఫోనులో కనుక్కోండి. జి.ఎస్.టి. బిల్లు, అందులో ప్రతి వస్తువు సీరియల్ నంబరు ఉండవలె. బిగించిన తరువాత అరగంట ఆట నడిపించి చూచి గాని లేవవద్దు. అట్టపెట్టెలను సంక్రాంతికి అటక సర్దేటప్పుడు పారవేయకండి, వారెంటీకి సామాను పంపేటప్పుడు అవే కావలె. కాగితాలు రాసుకొని వచ్చిన పిల్లలు ఎవరైనా ఉంటే, భోజనాలైన తరువాత మేము ఈ వరండాలోనే కూర్చుని ఉంటాము.