మామిడి గంప, పండ్ల గంప: కోవేరియన్స్, కాంట్రావేరియన్స్

గత ఎపిసోడ్‌లో జనరిక్స్ అంటే ఏంటో చూశాం. ఇవాళ్టి టాపిక్ చాలామంది ఇంటర్వ్యూ ముందు రోజు రాత్రి బట్టీపట్టి, మర్నాడే మర్చిపోయేది: కోవేరియన్స్, కాంట్రావేరియన్స్. నాకైతే ఇది ఒక దెబ్బ తిన్నాకే అర్థమైంది. ఆ సంగతితోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట విజయవాడలో ఒక పండ్ల కమీషన్ కొట్టుకి జావాలో బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. పండు అని ఒక క్లాసు. దానికింద మామిడి, జామ, బత్తాయి సబ్‌క్లాసులు. పండ్ల అర్రే తీసుకుని, ఖాళీగా ఉన్న గడుల్లో 'రకం రాయని పండు' ఒకటి పెట్టే ఫంక్షన్ కూడా ఉంది. నెలల తరబడి బాగానే నడిచింది. మామిడి సీజన్ వచ్చింది. నున్న మార్కెట్ నుంచి సరుకు దిగుతోంది కదా అని మామిడికి విడిగా ఒక అర్రే చేసి, అదే ఫంక్షన్‌కి పంపాను. కంపైలర్ ఒక్క మాట కూడా అనలేదు.

మే నెలలో ఒకరోజు తెల్లవారుజామున ఫోన్. "ఏంటి బాబూ, బిల్లు రావట్లేదు, బయట బండ్లు ఆగిపోయున్నాయి" అన్నాడు కొట్టాయన. స్క్రీన్ మీద అర్రే స్టోర్ ఎక్సెప్షన్. ఆ పూట బిల్లులన్నీ చేత్తోనే రాసుకున్నారు.

తప్పెక్కడ జరిగింది? ప్రతి మామిడీ పండే. మరి మామిడి గంప పండ్ల గంప అవుతుందా? అవుననిపిస్తుంది. కానీ 'ఇది పండ్ల గంపే కదా' అని ఎవరో అందులో జామకాయ వేశారనుకోండి. గంప సొంతదారు మామిడి అనుకుని చెయ్యి పెడితే జామకాయ వస్తుంది. జావా అర్రేలు మొదట్నుంచీ కోవేరియంట్. అంటే మామిడి అర్రేని పండ్ల అర్రే చోట ఒప్పుకుంటాయి. అప్పటికి జనరిక్స్ లేవు, ఏ రకం అర్రేకైనా పనికొచ్చే ఒకే ఫంక్షన్ రాయాలంటే ఈ వెసులుబాటు కావాల్సి వచ్చింది. అందుకే తప్పు కంపైల్ అప్పుడు కాకుండా, నడిచేటప్పుడు బయటపడుతుంది. 2004లో జావా 5తో వచ్చిన జనరిక్స్ ఈ దారి మూసేశాయి: మామిడి లిస్టుని పండ్ల లిస్టుగా పంపితే కంపైలరే ఆపేస్తుంది.

మరి ఎప్పుడూ కుదరదా? కుదురుతుంది. గంపతో ఏం చేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. గంపలోంచి పండ్లు తీసి లెక్కపెట్టడమే పనైతే మామిడి గంప ఇచ్చినా ఏ ఇబ్బందీ లేదు. ఇది కోవేరియన్స్. జావాలో 'ఎక్స్‌టెండ్స్ పండు' అని రాస్తాం. అలా రాసిన లిస్టులో నల్ తప్ప ఇంకేదీ వేయనివ్వదు. సి షార్ప్, కోట్లిన్‌లలో దీనికి మాట 'ఔట్'.

ఇప్పుడు కాటా సంగతి చూడండి. మామిడి తూచే కాటా కావాలని అడిగితే, ఏ పండైనా తూచే కాటా ఇవ్వొచ్చు. కానీ అన్ని పండ్లూ తూచాల్సిన చోట బంగినపల్లి సైజుకే సరిపోయే తట్టున్న కాటా పెడితే పుచ్చకాయ రాగానే పని ఆగిపోతుంది. అంటే మామిడి పండుకి సబ్‌టైప్ అయితే, పండు కాటా మామిడి కాటాకి సబ్‌టైప్. దిశ తిరగబడింది! ఇదే కాంట్రావేరియన్స్. లోపలికి తీసుకోవడమే తప్ప బయటికి ఇవ్వని వాటికి ఇది వర్తిస్తుంది. జావాలో 'సూపర్', సి షార్ప్, కోట్లిన్‌లలో 'ఇన్'. జావా లిస్టు సార్ట్ చేసే ఫంక్షన్ కంపారేటర్‌ని 'సూపర్'తోనే అడుగుతుంది. అందుకే బరువుని బట్టి పండ్లని పోల్చే ఒక్క కంపారేటర్ రాసుకుంటే, మామిడి లిస్టుకీ జామ లిస్టుకీ అదే సరిపోతుంది.

జాషువా బ్లాక్ 'ఎఫెక్టివ్ జావా'లో దీన్ని గుర్తుపెట్టుకోవడానికి పెక్స్ అన్నారు: ప్రొడ్యూసర్ ఎక్స్‌టెండ్స్, కన్జ్యూమర్ సూపర్. ఇచ్చేదానికి ఎక్స్‌టెండ్స్, పుచ్చుకునేదానికి సూపర్. మరి ఇచ్చి పుచ్చుకునేదైతే? దేనికీ లొంగదు, అచ్చంగా ఆ టైపే ఉండాలి. అది ఇన్వేరియన్స్.

నేను చివరికి చేసిందేంటంటే, ఆ ఫంక్షన్ని రెండు ముక్కలు చేశాను. లెక్కపెట్టేదానికి 'ఎక్స్‌టెండ్స్ పండు', గడులు నింపేదానికి 'సూపర్ పండు'. పాత పద్ధతిలో మామిడి లిస్టు పంపి చూస్తే ఎడిటర్‌లో ఎర్ర గీత పడింది. ఒకప్పుడు ఆ గీత చూస్తే విసుగొచ్చేది. ఇప్పుడు నా టేబుల్ దగ్గర పడిన గీత, తెల్లవారుజామున కొట్టు దగ్గర ఆగిన బండ్ల కంటే నయం అనిపిస్తుంది.

మీరూ ఒక చిన్న పని చేయండి. మీ కోడ్‌లో లిస్టు తీసుకునే ఫంక్షన్ ఒకటి తెరిచి, అది తీస్తోందా, వేస్తోందా, రెండూ చేస్తోందా చూడండి. సమాధానం అందులోనే ఉంటుంది. వచ్చే ఎపిసోడ్‌లో టైప్ ఎరేజర్ గురించి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు.