నువ్వుండేదే యూరప్ కదా, నీకు మళ్ళీ వీసా ఏంటి?

ఇవాళ్టి టాపిక్ మీలో చాలామంది అడిగిందే. ఉద్యోగం కోసమో చదువు కోసమో మనం ఆల్రెడీ ఒక దేశంలో ఉంటున్నాం. అక్కడి నుంచి ఇంకో దేశం చూడ్డానికి వెళ్ళాలంటే వీసా ఎలా అప్లై చేయాలి? ఇండియా నుంచి అప్లై చేయడం మీద వీడియోలు బోలెడున్నాయి. కానీ బయట దేశం నుంచి అప్లై చేసేటప్పుడు లెక్క వేరు. ఆ తేడా తెలియక నేను 2024లో ఒక ట్రిప్ పోగొట్టుకున్నాను. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు, ఆ ట్రిప్ మాత్రం మళ్ళీ రాదు. ముందు ఆ సంగతి చెప్తాను, తర్వాత స్టెప్స్‌లోకి వెళ్దాం.

అప్పుడు నేను డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. మాది ఖమ్మం. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యారు. జీవితమంతా బస్సులు బాగుచేసిన మనిషి, కానీ ఆయన చేసిన దూర ప్రయాణాలు చెప్పమంటే తిరుపతి, షిరిడీ, అంతే. అందుకని నా సేవింగ్స్‌తో అమ్మానాన్నలకి హైదరాబాద్ నుంచి ఒక గ్రూప్ టూర్ బుక్ చేశాను. పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ. జూన్ బ్యాచ్, అక్టోబర్ బ్యాచ్ రెండూ ఉన్నాయి. జూన్ 12 అమ్మ పుట్టినరోజు కాబట్టి జూన్ తీసుకున్నా. నేను 10వ తారీఖు డబ్లిన్ నుంచి వెళ్ళి వాళ్ళని పారిస్‌లో కలవాలి. పారిస్‌లో రెండు రాత్రులు, స్విట్జర్లాండ్‌లో మూడు రాత్రులు వాళ్ళతో ఉండి, 15న వెనక్కి వచ్చేయాలి. ఇదీ ప్లాన్.

ఫోన్లో "నేను కూడా వీసా తీసుకోవాలి నాన్నా" అంటే ఆయన నవ్వారు. "నువ్వుండేదే యూరప్ కదరా, నీకు మళ్ళీ వీసా ఏంటి?" అన్నారు. ఆయన్ని అనడానికేముంది, డబ్లిన్ వచ్చేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మ్యాప్ అర్థం చేసుకుందాం. షెంగెన్ ఏరియా అంటే 29 దేశాలు. ఒక్క వీసాతో అన్నీ తిరగొచ్చు. ఐర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది కానీ షెంగెన్‌లో లేదు. స్విట్జర్లాండ్ సరిగ్గా రివర్స్. యూనియన్‌లో లేదు, షెంగెన్‌లో ఉంది. మ్యూనిక్‌లో ఉండే నా బీటెక్ రూమ్మేట్ జర్మనీ రెసిడెన్స్ కార్డు, పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని మిగతా షెంగెన్ దేశాలకి వీసా లేకుండా వెళ్ళొస్తాడు. 180 రోజుల్లో 90 రోజులు దాటకూడదు, అంతే. ఐర్లాండ్ కార్డుతో నాకు ఆ సౌకర్యం లేదు.

ఇంకో విచిత్రం చెప్తా. డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్‌కి కారులో దాదాపు రెండు గంటలు. బార్డర్ దగ్గర చెక్‌పోస్ట్ ఉండదు, రోడ్డు మీద బోర్డులు మారడం తప్ప ఏమీ తెలియదు. కానీ బెల్‌ఫాస్ట్ బ్రిటన్ కిందికి వస్తుంది. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి బ్రిటన్ వీసా కావాల్సిందే. ఎవరూ ఆపలేదు కదా అని వెళ్తే అది ఇల్లీగల్ ఎంట్రీ. "మా ఆఫీసువాళ్ళు వీకెండ్ వెళ్ళొచ్చారు" అనకండి. వాళ్ళ పాస్‌పోర్ట్ వేరు, మనది వేరు.

సరే, నా కథకొద్దాం. మొదటి తప్పు ఏంటంటే, ఫ్లైట్ దిగేది పారిస్‌లో కాబట్టి ఫ్రాన్స్ వీసాకి అపాయింట్‌మెంట్ పెట్టాను. రూల్ అది కాదు. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటామో ఆ దేశానికి అప్లై చేయాలి. రోజులు సమానమైతేనే ముందు దిగే దేశం. నాకు పారిస్‌లో రెండు రాత్రులు, స్విట్జర్లాండ్‌లో మూడు. అంటే స్విట్జర్లాండ్‌కి చేయాలి. అది తెలుసుకుని క్యాన్సిల్ చేసి, కొత్త స్లాట్ దొరికేసరికి మే 7 అయింది.

రెండో తప్పు కౌంటర్ దగ్గర బయటపడింది. నా ఫైల్ పక్కాగా ఉంది. పేస్లిప్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఇన్సూరెన్స్, హోటల్, టూర్ కాగితాలు, కలర్ ట్యాబ్‌లు పెట్టి మరీ సర్దాను. కౌంటర్‌లో ఉన్నావిడ అవేమీ ముందు చూడలేదు. నా ఐఆర్‌పీ కార్డు అడిగింది. ఐఆర్‌పీ అంటే ఐర్లాండ్‌లో మనం ఉండటానికి ఇచ్చే రెసిడెన్స్ కార్డు. వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, గడువు తేదీ మీద వేలు పెట్టింది. ఆగస్టు 20. ట్రిప్ నుంచి తిరిగొచ్చేది జూన్ 15. తిరిగొచ్చిన తర్వాత ఇంకో మూడు నెలలు కార్డు చెల్లాలి, అంటే సెప్టెంబర్ 15 దాకా. నాకు 26 రోజులు తక్కువ.

"రెన్యూవల్ చేయించుకుంటా కదా మేడమ్" అన్నాను. రెన్యూవల్ మన చేతిలో ఉండదు. గడువు దగ్గరపడ్డాకే తీసుకుంటారు, కొత్త కార్డు చేతికి రావడానికి వారాలు పడుతుంది. ఆవిడ మర్యాదగానే చెప్పింది. "మీరు ఇస్తే మేం తీసుకుంటాం. నిర్ణయం మాది కాదు. కానీ ఇది లేదని నోట్ రాయాల్సి వస్తుంది."

అంటే రిజెక్ట్ అయ్యే ఛాన్స్ ఎక్కువ. రిజెక్ట్ అయితే ఫీజు తిరిగిరాదు. అంతకన్నా పెద్ద విషయం, షెంగెన్ వీసా సిస్టమ్‌లో ఆ రికార్డు ఐదేళ్ళ దాకా ఉండొచ్చు. రేపు బ్రిటన్‌కో అమెరికాకో కెనడాకో అప్లై చేసినా "ఎప్పుడైనా వీసా రిఫ్యూజ్ అయిందా?" అనే ప్రశ్న ఉంటుంది. ప్రతిసారీ అవును అని రాసి వివరణ ఇచ్చుకోవాలి. పది నిమిషాలు అక్కడే కుర్చీలో కూర్చుని ఆలోచించాను. ఫైల్ ఇవ్వకుండానే బయటికొచ్చేశాను.

అమ్మానాన్నలు హైదరాబాద్‌లో అప్లై చేశారు, వాళ్ళకి వీసా వచ్చింది. ఖమ్మంలో ఉండేవాళ్ళు పారిస్ వెళ్ళారు, డబ్లిన్‌లో ఉండే నేను వెళ్ళలేదు. పోనీ టూర్ అయ్యాక వాళ్ళే డబ్లిన్ రావచ్చు కదా అంటే, షెంగెన్ వీసా ఐర్లాండ్‌లో చెల్లదు. దానికి వేరే వీసా. అమ్మ నాకోసం సున్నుండల డబ్బా తెచ్చింది. ఆ డబ్బా పారిస్ చూసింది, స్విట్జర్లాండ్ చూసింది, ఇటలీ కూడా చూసి ఖమ్మం వెళ్ళిపోయింది. పుట్టినరోజు నాడు వీడియో కాల్‌లో విషెస్ చెప్పాను. అది ఖమ్మంలో ఉన్నా చెప్పేవాణ్ణే.

తర్వాత రోజు నాన్న కాల్ చేశారు. లూసర్న్ దగ్గర పిలాటస్ అని ఒక కొండ ఉంది. దాని మీదికి వెళ్ళే పళ్ళపట్టా రైలు 1889 నాటిది, ప్రపంచంలోనే అత్యంత ఏటవాలుది, 48 శాతం వాలు. మెకానిక్ కదా, ఆయన కొండని చూడట్లేదు, ఫోన్ కింద పట్టాల వైపు తిప్పి చూపిస్తున్నారు. "ఇదిగో చూడరా, పళ్ళు పైకి లేవు, రెండు పక్కలకీ ఉన్నాయి. చక్రాలు అడ్డంగా పడుకోబెట్టి రెండు వైపుల నుంచీ పట్టుకుంటున్నాయి, అందుకే జారట్లేదు" అంటున్నారు. అంతలో నెట్‌వర్క్ పోయింది. ఆ రైల్లో ఆయన పక్క సీట్లో ఉండాల్సింది నేను. 26 రోజుల తేడాతో లేను.

ఇందులో తప్పు ఎవరిదీ కాదు, నాదే. టూర్ బుక్ చేసిన రోజు ఆ కార్డు నా పర్సులోనే ఉంది. తీసి తేదీ చూసి ఉంటే, అక్టోబర్ బ్యాచ్ తీసుకునేవాణ్ణి.

అయితే ఫ్రెండ్స్, ఇందులో అసలు పాయింట్ ఇది. టూరిస్ట్ వీసా ఇచ్చేవాళ్ళ మనసులో ప్రధానంగా ఉండే ప్రశ్న ఒకటే: ఈ మనిషి తిరిగి వెళ్తాడా? మా అమ్మానాన్నలకి తిరిగి వెళ్ళేది ఖమ్మం. ఇల్లుంది, పెన్షన్ ఉంది, ఆ దేశం వాళ్ళదే, ఎవరూ ఆపరు. మనం తిరిగి వెళ్ళాల్సింది మాత్రం మనది కాని దేశానికి. ఆ దేశం మనల్ని మళ్ళీ రానిస్తుందా అన్నది మన రెసిడెన్స్ కార్డు మీద ఆధారపడి ఉంటుంది. జీతం ఎంతున్నా, ఆ కార్డు తర్వాతే మిగతావన్నీ.

ఇప్పుడు స్టెప్స్. షెంగెన్ లెక్కలో చెప్తున్నా. దేశాన్ని బట్టి చెక్‌లిస్ట్ కొంచెం మారుతుంది కాబట్టి అప్లై చేసే రోజు అఫీషియల్ సైట్ చూసుకోండి.

ఒకటి, టికెట్ కన్నా ముందు కార్డు. రెసిడెన్స్ కార్డు గడువు తేదీ చూడండి. తిరిగొచ్చే తేదీకి మూడు నెలలు కలపండి. కార్డు అంతకన్నా ముందే అయిపోతుంటే, ముందు రెన్యూవల్, తర్వాతే ట్రిప్. పాస్‌పోర్ట్ కూడా అంతే. పదేళ్ళ లోపు జారీ అయ్యుండాలి, షెంగెన్ నుంచి బయటికొచ్చాక ఇంకో మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి.

రెండు, ఎక్కడ అప్లై చేయాలి? మీరు లీగల్‌గా నివసిస్తున్న దేశంలోనే. డబ్లిన్‌లో ఉంటే డబ్లిన్‌లో. ఏ దేశానికి అన్నది రాత్రులు లెక్కపెట్టుకుని తేల్చండి.

మూడు, టైమ్. ట్రిప్‌కి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం వస్తుంది, కొన్నిసార్లు 45 దాకా పోవచ్చు. సమ్మర్‌లో స్లాట్లు దొరకడమే కష్టం, కాబట్టి చివరి నెల దాకా ఆగొద్దు. ఫీజు నేను వెళ్ళినప్పుడు 80 యూరోలు, 2024 జూన్ 11 నుంచి 90. సెంటర్ సర్వీస్ ఛార్జ్ విడిగా.

నాలుగు, కాగితాలు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవరేజ్‌తో ఉండాలి. కంపెనీ లెటర్‌లో మీ ఉద్యోగం, చేరిన తేదీ, జీతం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా లీవ్ ఇచ్చారు, మళ్ళీ ఏ రోజు డ్యూటీలో చేరతారు, ఇవన్నీ రాయించుకోండి. ఆ చివరి లైన్ చాలా ముఖ్యం. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో మీ జీతం పడుతూ, ఖర్చవుతూ మామూలుగా కనిపిస్తే చాలు. అప్లై చేసే వారం ముందు ఫ్రెండ్ దగ్గర అప్పు తెచ్చి ఒకేసారి వేస్తే అది ఇట్టే తెలిసిపోతుంది. హోటల్ ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నది తీసుకోండి. దొంగ టికెట్లు, ఎడిట్ చేసిన పేపర్లు మాత్రం వద్దు. నిజమైన కాగితం తక్కువైతే వివరణ ఇవ్వొచ్చు. అబద్ధపు కాగితం దొరికితే చెప్పుకోడానికి ఏమీ ఉండదు.

ఐదు, రిజెక్ట్ అయితే భయపడొద్దు. కారణం టిక్ పెట్టిన ఫామ్ ఇస్తారు, అప్పీల్ చేసుకునే హక్కు ఉంటుంది. కారణం చదివి, అది సరిచేశాకే మళ్ళీ వెళ్ళండి. అదే ఫైల్ మళ్ళీ ఇస్తే అదే సమాధానం వస్తుంది.

ఇంకో అపోహ. 2024 ఏప్రిల్‌లో ఇండియన్స్‌కి రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ వీసా ఈజీ చేశారని వార్త వచ్చింది కదా. అది ఇండియాలో నివసిస్తూ అక్కడే అప్లై చేసేవాళ్ళకి. మూడేళ్ళలో రెండు వీసాలు సరిగ్గా వాడుంటే చాలు. బయట ఉండే మనకి మామూలు రూలే. గత రెండేళ్ళలో మూడు వీసాలు సరిగ్గా వాడితే ముందు ఏడాది వీసా. అంటే ఈ విషయంలో మా నాన్నకి నాకన్నా దారి దగ్గర.

అమెరికాలో ఉన్న ఫ్రెండ్స్‌కి ఒక్క మాట. హెచ్1బీ అప్రూవల్ పేపర్ మీరు అక్కడ ఉండటానికి, పనిచేయడానికి. యూరప్ వెళ్ళి మళ్ళీ లోపలికి రావాలంటే పాస్‌పోర్ట్‌లో చెల్లే స్టాంప్ ఉండాలి. స్టాంప్ అయిపోయిందని తెలియక పారిస్ వెళ్తే, తిరుగు ఫ్లైట్ ఎక్కలేరు. పేరు వేరు కానీ ప్రశ్న అదే: వెనక్కి వెళ్ళే దారి తెరిచే ఉందా?

నేను 2025లో కొత్త కార్డుతో మళ్ళీ అప్లై చేశాను, వీసా వచ్చింది. ఒక్కణ్ణే వెళ్ళాను. పిలాటస్ రైలు ఎక్కే ముందు వంగి పట్టాలు వీడియో తీసి నాన్నకి పంపాను. ఆయన చెప్పింది కరెక్టే, చక్రాలు రెండు పక్కల నుంచీ పట్టుకుంటాయి. నాన్న వెంటనే కాల్ చేసి, "నెట్‌వర్క్ పోయినప్పుడు చెప్పాల్సింది ఇంకోటి ఉండెరా" అని, ఈసారి బ్రేకుల గురించి ఇరవై నిమిషాలు చెప్పారు.

సో ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్ అయ్యాక ఒక్క పని చేయండి. పర్సు తీసి మీ రెసిడెన్స్ కార్డు మీద తేదీ చూడండి. ఆ తేదీకి నాలుగు నెలల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టండి. అమ్మానాన్నలతో ట్రిప్ అనుకుంటున్నవాళ్ళయితే ఇప్పుడే పెట్టండి. ఉంటాను మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.