పల్లీ పడని పిల్లలు

పులిహోరలో పల్లీలు, ఇడ్లీకి పల్లీ చట్నీ మనకు మామూలే. అమెరికాలో పల్లీ పడని పిల్లల తల్లులు మాత్రం ప్రతి డబ్బా మీది అచ్చు చదివాకే కొంటారు. బడి సంచిలో ఎపినెఫ్రిన్ సూది పెట్టి పంపుతారు. గొంతు వాచి ఊపిరాడకపోతే వెంటనే తొడకు పొడవాల్సింది అదే.

అలాంటి కుటుంబాలు నడకలు ఏర్పాటు చేసి, ఆహార అలర్జీలపై పనిచేసే 'ఫేర్' సంస్థకు చందాలు పోగుచేస్తాయి. లండన్‌లో 640 మంది పసివాళ్లపై జరిగిన 'లీప్' అనే పరిశోధనకు ఆ సంస్థ కూడా డబ్బిచ్చింది. ఏడాది నిండకముందే పల్లీ పదార్థం అలవాటైన పిల్లల్లో అయిదేళ్లకు పల్లీ అలర్జీ సుమారు 80 శాతం తక్కువని 2015లో తేలింది. అంతకుముందు డాక్టర్లు చెప్పింది దీనికి సరిగ్గా ఎదురు!

తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న బిడ్డకు డాక్టర్ని అడగకుండా పల్లీ పెట్టకండి. పసివాళ్లెవరికీ గింజలుగా అసలే వద్దు, గొంతుకు అడ్డం పడతాయి.