మేడ మీది ఇల్లా? నేల మీది ఇల్లా?

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



పట్నాలు పెరుగుతున్నాయి. ఇళ్లు చాలడం లేదు. ఇళ్లు ఒకదాని మీద ఒకటి కట్టాలా? పక్కపక్కన కట్టాలా? ఈరోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

మన ఆంధ్రప్రదేశ్‌లో రెండూ చూశాం. టిడ్కో అనే ప్రభుత్వ సంస్థ పట్నాల్లో పేదలకు మేడలు కట్టించింది. కింద ఇళ్లు, పైన 3 అంతస్తులు. ఒక్కో ఇల్లు 300, 365, 430 చదరపు అడుగులు. తరువాత 2020 డిసెంబరులో ప్రభుత్వం ఇళ్ల స్థలాలు పంచింది. పట్నాల్లో ఇంటికి 1 సెంటు. పట్టాలు ఆడవాళ్ల పేరునే ఇచ్చారు. అది మంచి పని.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఎకరానికి 100 సెంట్లు. 100 కుటుంబాలకు సెంటు చొప్పున ఇస్తే ఎకరం అయిపోయింది. దారులకు, కాలువలకు ఇంకా నేల కావాలి. అంత నేల ఎక్కడ దొరుకుతుంది? ఊరికి దూరంగా, పొలాల్లో. పొలం పోతే పంట పోయింది. కూలి పోయింది. వాన నీరు ఇంకే చోటు పోయింది. నీళ్ల గొట్టాలు, కరెంటు తీగలు అంత దూరం లాగాలి. పట్నంలో ఇళ్లల్లో పనిచేసే చెల్లెలు రోజూ ఆటోకు డబ్బులు పెట్టాలి. సంపాదన దారిలోనే పోతే ఇల్లు వచ్చి ఏం లాభం?

మేడ కడితే ఒక ఇంటి నేల మీద 4 ఇళ్లు లేస్తాయి. పొలం మిగులుతుంది.

"అయితే మేడే మంచిదా?" అంటారు. ఆగండి. మంగళగిరిలో నేతపని వాళ్లున్నారు. గుంట మగ్గానికి నేలలో గుంట తియ్యాలి. మూడో అంతస్తులో గుంట ఎలా తీస్తాం? మేకను ఎక్కడ కట్టేస్తాం? మోకాళ్ల నొప్పులున్న అత్తగారు మెట్లు ఎలా ఎక్కుతుంది? నీళ్ల మోటారు చెడితే డబ్బు ఎవరిస్తారు? అందరూ కలిసి వేసుకోకపోతే అందరికీ నీళ్లు బందు.

అందుకే నా మాట ఇది. ఇంట్లోనే చేతిపని చేసేవాళ్లకు గోడకు గోడ కలిపి వరస ఇళ్లు కట్టాలి. విడివిడి ఇళ్ల కంటే నేల, ఇటుక కలిసివస్తాయి. బయట పనికి పోయేవాళ్లకు పనికి దగ్గరలో మేడలు కట్టాలి. ముసలివాళ్లకు, నడవలేనివాళ్లకు కింది ఇళ్లు ఇవ్వాలి.

ఏ ఇల్లు ఇచ్చినా 4 మాటలు అడగండి. పనికి ఎంత దూరం? నీళ్లు ఎక్కడివి? మురుగు ఎటు పోతుంది? మరమ్మతు ఎవరు చేయిస్తారు?

కాగితం ఇంకొకరు చదివి చెబితే చాలదు. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. మనమే చదువుదాం. ఆ తరువాతే సంతకం పెడదాం.

సెలవు.