చేతులు దించి కొట్టే బాక్సర్లు: ఆ స్టైల్ వెనక అసలు లెక్క ఏంటి?

హనుమాన్ జంక్షన్ నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశాను.

ఈ ఎపిసోడ్ ఒక తమ్ముడి మెసేజ్ వల్ల చేస్తున్నా. ఇంటర్ చదువుతున్నాడు, బాక్సింగ్‌లో చేరి మూడు నెలలైంది. తన స్పారింగ్ వీడియో పంపాడు. రెండు చేతులూ నడుం దగ్గరికి దించేసి, భుజాలు ఊపుతూ రింగ్‌లో డాన్స్ చేస్తున్నాడు. ఎనిమిదో సెకన్లో ముక్కు మీద ఒకటి గట్టిగా పడింది. కింద ఏం రాశాడంటే, "అన్నా, డాన్సింగ్ రోజ్ స్టైల్ ట్రై చేశా. ఎక్కడ తప్పు జరిగింది?"

ముందు నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. ఎందుకంటే 2021లో 'సార్పట్ట పరంబరై' చూశాక నేనూ అద్దం ముందు అదే పని చేశా. కాకపోతే అద్దం తిరిగి కొట్టదు కదా!

సరే, మ్యాటర్‌లోకి వెళ్దాం. బాక్సింగ్‌లో ఫస్ట్ డే నేర్పేది ఏంటి? ఎడమ కాలు ముందుకి, కుడి చెయ్యి గడ్డం పక్కన, మోచేతులు పక్కటెముకలకి ఆనించి పెట్టాలి. ఎడమచేతి వాటం వాళ్లు మామూలుగా దీన్ని తిప్పి నిలబడతారు. మరి కొంతమంది ఈ రూల్ మొత్తం పక్కన పెట్టేసి కూడా వరల్డ్ ఛాంపియన్లు ఎలా అయ్యారు?

మొదటి మనిషి రాయ్ జోన్స్ జూనియర్. ఈయన కథ మన కృష్ణా జిల్లా వాళ్లకి వెంటనే ఎక్కుతుంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, పెన్సకోలా ఊరు. అక్కడ ఈయన పందెం కోళ్లు పెంచేవాడు. అవును, మన సంక్రాంతి బరుల్లో కనిపించే లాంటి పుంజులే. పుంజు ఎలా కొట్లాడుతుందో మనవాళ్లకి చెప్పాలా? మెడ ముందుకి చాపి ఊరిస్తుంది, అవతలిది ఎగరగానే పక్కకి తప్పుకుని కాలు విసురుతుంది. జోన్స్ అదే రింగ్‌లో చేశాడు. 2002 ఫిబ్రవరిలో గ్లెన్ కెల్లీతో ఫైట్, ఏడో రౌండ్. రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని మొహం ముందుకి చాపాడు. కెల్లీ పంచ్ విసిరాడు. జోన్స్ తల తప్పించి, వెనక నుంచి కుడి చెయ్యి తీసి కొట్టాడు. నాకౌట్!

మీ రీల్ ఇక్కడితో ఆగిపోతుంది. కథ మాత్రం ఆగలేదు. 2004 మేలో ఆంటోనియో టార్వర్ ఇదే జోన్స్‌ని రెండో రౌండ్లోనే పడగొట్టాడు. అప్పటికి జోన్స్‌కి 35 ఏళ్లు. ఇన్నాళ్లూ గార్డ్ చేయాల్సిన పని ఆయన కళ్లు, వేగం చేశాయి. వయసుతో ఆ వేగం కొంచెం తగ్గింది. అంతే, గార్డ్ లేని మొహం మిగిలింది.

రెండో మనిషి ప్రిన్స్ నసీమ్ హమీద్. డాన్సింగ్ రోజ్‌ని చూడగానే గుర్తొచ్చేది ఈయనే. అమ్మానాన్నలది యెమెన్, పెరిగింది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్. ఏడేళ్లప్పుడు బ్రెండన్ ఇంగిల్ అనే కోచ్ జిమ్‌లో చేరాడు. ఆ జిమ్ నేల మీద గీతలు గీసి ఉండేవి. పిల్లలు వాటి మీద ముందుకీ వెనక్కీ, ఎడమ కాలితో, కుడి కాలితో ఏళ్ల తరబడి అడుగులు వేసేవాళ్లు. స్పారింగ్‌లో తల మీద కొట్టనిచ్చేవాళ్లు కాదు, ఒంటి మీదే.

అర్థమైందా? నసీమ్ చేతులు దించాడు కరెక్టే. కానీ అంతకు ముందు ఏళ్ల తరబడి కాళ్లకి పని నేర్పాడు. ఏ పక్క నుంచైనా కొట్టగలిగేవాడు. 1995లో 21 ఏళ్లకే వరల్డ్ టైటిల్ కొట్టాడు. మొత్తం 37 ఫైట్లలో 36 గెలిచాడు, అందులో 31 నాకౌట్లు.

ఓడింది ఒక్కటే. 2001 ఏప్రిల్, లాస్ వేగాస్‌లో మెక్సికో బాక్సర్ మార్కో ఆంటోనియో బరేరా చేతిలో. బరేరా ఏ మ్యాజిక్కూ చేయలేదు. ఊరిస్తే ఊరిపోలేదు. చేతులు పైన పెట్టుకుని, ఓపిగ్గా, తెరిచి ఉన్న మొహం మీద 12 రౌండ్లు కొడుతూనే ఉన్నాడు. ఆ తర్వాత నసీమ్ ఇంకొక్క ఫైటే ఆడాడు. 28 ఏళ్లకే కెరీర్ అయిపోయింది.

మూడో మనిషి ఇమాన్యుయెల్ అగస్టస్. 'డ్రంకెన్ మాస్టర్' అని పేరు. తాగినవాడిలా తూలుతూ, తోలుబొమ్మలా చేతులు ఊపుతూ ఆడేవాడు. 2000లో ఫ్లాయిడ్ మేవెదర్‌తో తలపడి తొమ్మిదో రౌండ్లో ఓడిపోయాడు. అయినా తనకి ఎదురైన అందరిలో టఫ్ ఎవరంటే అగస్టస్ అని మేవెదరే తర్వాత చెప్పాడు. మరి ఆయన రికార్డ్ ఎంతో తెలుసా? 38 గెలుపులు, 34 ఓటములు, 6 డ్రాలు. ఆయన రీల్స్ చూసేవాళ్లకి ఆ 34 కనిపించవు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్. బాక్సింగ్‌కి ముందు పరుగు పందేల్లో ఉండేది. నాకు ఆమె స్టైల్‌లో ఆ పరుగు కాళ్లే కనిపిస్తాయి. దూరంగా నిలబడి, పొడుగు చేతులతో స్ట్రెయిట్ పంచ్ వేసి, అవతలి వాళ్లు జవాబిచ్చేలోపు అక్కడ ఉండదు. 2022 మే 19, ఇస్తాంబుల్, వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్. ఎదురుగా థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటమస్. మొదటి రౌండ్ నిఖత్‌ది. రెండో రౌండ్‌లో జిట్‌పాంగ్ దగ్గరికి దూసుకొచ్చి ఆ రౌండ్ లాక్కుంది. మూడో రౌండ్‌లో నిఖత్ మళ్లీ తన దూరం తను సెట్ చేసుకుని 5-0తో గెలిచింది. 2023లో ఢిల్లీలో ఇంకోసారి వరల్డ్ ఛాంపియన్.

అంటే ఆ స్టైల్‌కి ఓటమే లేదా? ఉంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండో బౌట్‌లోనే చైనాకి చెందిన వు యు చేతిలో 0-5తో ఓడింది. గోల్డ్ కూడా ఆ వు యుకే వచ్చింది. నిఖత్ కన్నీళ్లు మనందరం చూశాం. ప్రతి స్టైల్‌కీ ఎక్కడో ఒక జవాబు ఉంటుంది. కాకపోతే కాళ్ల మీద కట్టుకున్న స్టైల్‌తో ఓడిపోయినా, మళ్లీ జిమ్‌కి వెళ్లి దిద్దుకోవచ్చు. కళ్ల వేగం మీద మాత్రమే కట్టుకున్నది, ఆ వేగంతోనే పోతుంది.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు నేను రోజూ చేసిన తప్పే ఇది. ఎవరిదో కోడ్ కాపీ చేసి పేస్ట్ చేసేవాణ్ని, దాని వెనక నడిచే లైబ్రరీలు లేకుండా. రన్ చేస్తే ఎర్రర్. కంప్యూటర్లో అయితే స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వస్తాయి. రింగ్‌లో ఆ ఎర్రర్ నీ తల మీద పడుతుంది. తల మీద దెబ్బలకి అన్‌డూ బటన్ లేదు.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. నువ్వు తప్పు చేసింది చేతులు దించినందుకు కాదు. చేతుల పని ఇంకెవరికీ అప్పగించకుండా దించినందుకు. జోన్స్‌కి కళ్లున్నాయి, నసీమ్‌కి ఆ గీతల మీద నడిచిన కాళ్లున్నాయి, నిఖత్‌కి దూరం తెలుసు. నీకు ఇప్పటికి మూడు నెలలే ఉన్నాయి. ముందు గార్డ్ పైన పెట్టు. మౌత్ గార్డ్, హెడ్ గార్డ్ లేకుండా స్పారింగ్‌కి దిగకు. మీ కోచ్ చెప్పిన అడుగులు బోర్ కొట్టినా వెయ్యి. నీ స్టైల్ ఏంటో నీ ఒళ్లే నీకు చెప్తుంది, కొంచెం టైమ్ ఇవ్వు.

ఏడాది తర్వాత ఇంకో వీడియో పంపు, ఇక్కడే అందరికీ చూపిద్దాం. మిగతా వాళ్లు మీకు నచ్చిన వెరైటీ స్టైల్ బాక్సర్ ఎవరో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.