అవిసె ఆకు తెగులు, కణంలో వెలుగు



కరోనా కాలం దాటి వచ్చినవాళ్లం మనం. వైరస్ అన్న మాట వింటేనే గుండె గుబేలుమంటుంది. అందుకే ఈ సాయంత్రం మనిషికి జబ్బు చేయని వైరస్ గురించి మాట్లాడతాను. అది మన అవిసె చెట్టుది. తమలపాకు తోటల్లో తీగ పాకించడానికి పెంచే చెట్టే. దాని ఆకూ, పువ్వూ కూర వండుకుంటాం కూడా.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పి. శ్రీనివాసులు, ఎం.వి. నాయుడు అవిసె ఆకులకు మచ్చల తెగులు తెచ్చే ఈ వైరస్‌ను శుద్ధి చేసి, 1982లో దాని లక్షణాలు ప్రకటించారు. దాని పేరు సెస్బేనియా మొజాయిక్ వైరస్. అప్పటికి అది మొక్కల తెగుళ్ల సంగతి మాత్రమే. తర్వాత బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎం.ఆర్.ఎన్. మూర్తి, హెచ్.ఎస్. సావిత్రి బృందాలు ఏళ్ల తరబడి దాని నిర్మాణాన్ని విప్పి చూశాయి. దాని పైపెంకు 180 ఒకేరకం ప్రొటీన్లతో కూర్చిన గుండ్రటి డొల్ల. వ్యాసం సుమారు 30 నానోమీటర్లు; తలవెంట్రుక మందంలో 2,000 పేర్చవచ్చు.

వైద్యులకు దీంతో పనేమిటి? కంటి పరీక్షల్లో వాడే ఇండోసయనిన్ గ్రీన్ అనే వెలిగే రంగునే చూడండి. నరంలోకి ఎక్కించిన కొద్ది నిమిషాల్లోనే కాలేయం దాన్ని రక్తం నుంచి తీసేస్తుంది. విడి రంగుకు నిలకడ లేదు, ఎక్కడికి పోవాలో తెలియదు. క్యాన్సర్ గడ్డ దాకా దాన్ని మోసుకెళ్లే బండి కావాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ శాఖలో ఎ.ఎల్.ఎన్. రావు, బహ్మన్ అన్వరీ బృందం 2011లో బ్రోమ్ మొజాయిక్ అనే గడ్డిజాతి మొక్కల వైరస్‌లోంచి జన్యుపదార్థం తీసేసి, ఆ ఖాళీలో ఇదే రంగు నింపింది.

తిరుపతి వాళ్లు మరో దారి పట్టారు. ఎం. హేమ బృందం, బెంగళూరు శాస్త్రవేత్తలతో కలిసి, అవిసె వైరస్ పెంకుకే రంగులు అతికించింది. 2019లో వెలువడిన ఆ పరిశోధనలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది అతుకు ఎక్కడ పడిందన్నదే. పెంకు ప్రొటీన్‌లోని లైసీన్ అనే అమైనో ఆమ్లాల దగ్గర అతికించిన అలెక్సా అనే వెలిగే రంగుల కన్నా, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాల దగ్గర అతికించిన సై 5.5 అనే రంగు నిలకడగా, స్పష్టంగా కనబడింది. సై 5.5 వెలుగు ఎరుపు దాటి పరారుణం వైపు ఉంటుంది కాబట్టి కండను కొంత లోతు వరకు దాటగలదు. రంగు అతికిన ఈ వైరస్ రేణువులు చాలా రకాల కణాల్లోకి వెళ్లాయి. ఒక రకం రొమ్ము క్యాన్సర్ కణాల్లోకైతే మరింత మొగ్గుగా చొరబడ్డాయి. ఆ మొగ్గును ఎవరూ నేర్పలేదు, వైరస్‌కు సహజంగా ఉన్నదే!

అంతకుముందు 2016లో ఇదే వైరస్‌తో ఎలుకలపై చేసిన పరీక్షలో చెప్పుకోదగ్గ విషప్రభావం కనబడలేదు. అయినా గాజుపాత్రలోని కణం వేరు, రోగి ఒళ్లు వేరు. పరాయి ప్రొటీన్‌ను మన రక్షణ వ్యవస్థ గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి ఎక్కిస్తే గడ్డను చేరకముందే పట్టేయవచ్చు. మన అల్వాల్ నుంచి రాజీవ్ రహదారిలో ముందుకు వెళితే, శామీర్‌పేట దాటాక జీనోమ్ వ్యాలీ ఉంది. పదేపదే ఎక్కించినప్పుడు ఏమవుతుందో పెద్ద జంతువుల్లో తేల్చే పని అక్కడ మొదలుకావాలని నా కోరిక.