పై వాటాలో సందడి

(రేడియో ప్రసంగ పాఠము)
ధ్యాన భాగములు: మత్తయి 18:15-16, సామెతలు 27:14, అపొ. కార్యములు 28:23, 30



మనలో చాలామంది ఉన్న కొద్ది స్థలములో ఇల్లు కట్టుకొని, పైన ఒక వాటా వేసి అద్దెకిస్తాము. పింఛను చాలనివారికి ఆ అద్దే ఆధారము. అయితే పైవారు అర్ధరాత్రి దాకా టీవీ మోగిస్తే కింద మనకు నిద్ర ఉండదు. మన భక్తి ఎంతటిదో అప్పుడు బయటపడుతుంది.

మా పై వాటాలో ఒక కుటుంబము దిగింది. రాత్రి పదకొండైనా టీవీ, పిల్లల పరుగులు. ఆ సంగతి పక్కింటివారికి చెప్పాను, సంఘములో చెప్పాను, ప్రార్థనలో దేవునికీ ఫిర్యాదు చేశాను. వారికి మాత్రము చెప్పలేదు. ఒకరోజు కోపము పట్టలేక నీళ్ళ మోటారు వేయలేదు. ఆ ఇంటి ఇల్లాలు బిందె పట్టుకొని మెట్లు దిగి వచ్చి, "అయ్యగారూ, నీళ్ళు రావడం లేదండీ" అన్నది. "మోటారు చెడిపోయిందమ్మా" అన్నాను. సేవకుడనైన నేను అబద్ధమాడాను, ప్రియులారా! ఆ రాత్రి పైన చప్పుడు లేదు. అయినా నాకు నిద్ర పట్టలేదు.

తప్పు చేసిన సహోదరుని యొద్దకు ముందు నీవే వెళ్ళి, ఏకాంతముగా మాట్లాడుమని ప్రభువు నేర్పించాడు. మర్నాడు మెట్లెక్కాను. మొదట మోటారు సంగతి ఒప్పుకున్నాను. తరువాత రాత్రి చప్పుడు గురించి చెప్పాను. ఆయన నొచ్చుకొని, "షాపు కట్టేసి వచ్చేసరికి పది దాటుతుందండీ. పిల్లలు నన్ను చూసేది అప్పుడే" అన్నాడు. కాసేపాగి, "ఏమీ అనుకోకండి, తెల్లవారుజామున అయిదింటికి మీ డాబా మీద బాక్సు మోగితే మా చంటిది ఉలిక్కిపడి లేస్తుందండీ" అన్నాడు.

వేకువనే లేచి గొప్ప శబ్దముతో స్నేహితుని దీవిస్తే అది శాపముగా ఎంచబడుతుందని సామెతల గ్రంథము హెచ్చరిస్తుంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారము రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు లౌడ్‌స్పీకరు బయటికి మోగకూడదు. తప్పు వారిదే అనుకొని మెట్లెక్కిన నేను, నా తప్పు కూడా తెలుసుకొని దిగాను. బాక్సు తీసేశాను. వారు పది దాటితే టీవీ తగ్గిస్తున్నారు. పిల్లల పరుగులు ఇంకా ఉన్నవి. అవి ఇప్పుడు నాకు బరువుగా లేవు.

మంచిగా చెప్పినా విననివారు ఉంటారు. అప్పుడు ఒకరిద్దరు పెద్దలను వెంటబెట్టుకొని మాట్లాడండి. అద్దె కాగితములో ఆ షరతు ముందే రాసుకోండి. అప్పటికీ కుదరకపోతే రాతమూలకముగా గడువిచ్చి, చట్టప్రకారము ఖాళీ చేయించండి. అది పాపము కాదు. కాని నీళ్ళు, కరెంటు ఆపకండి. సామాను వీధిలో పెట్టకండి. వారికి రావలసిన అడ్వాన్సు బిగబట్టకండి.

పౌలు రోమాలో రెండేండ్లు అద్దె ఇంట కాపురమున్నాడు. అనేకులు వచ్చేవారు, ఒక దినమైతే ఉదయము మొదలు సాయంకాలము వరకు మాటలు సాగినవి. ఆ ఇంటి యజమాని పేరు మనకు తెలియదు. అయితే ఆ గోడల మధ్య సువార్త వినబడింది. భూమి నాదే, మీరు నాయొద్ద పరవాసులే అని లేవీయకాండము 25వ అధ్యాయములో దేవుడు తన ప్రజలకు గుర్తుచేశాడు. ఆయన యెదుట మనమందరము అద్దెకున్నవారమే.

ప్రార్థించుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, మా సందడిని ఇంతకాలము సహించినందుకు స్తోత్రము. ఈ దినమే మెట్లెక్కి, ప్రేమతో సత్యము చెప్పే ధైర్యమును మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.